లేత్ మేడమ్ రాసిన పరీక్ష

ఇరవయ్యెనిమిదేళ్ళు వర్క్‌షాపులో లేత్ మిషను ముందు నిలబడ్డ మనిషి, నలభై నాలుగో ఏట టీచరుగా బడిలో అడుగుపెట్టింది. ముందు రోజు సాయంత్రం గంటసేపు సబ్బు పెట్టి రుద్దినా గోళ్ళ చుట్టూ ఉన్న నల్లగీత మాత్రం పోలేదు. సరే, ఉంటే ఉందిలే అనుకుని ఆ చేతులతోనే స్టాఫ్‌రూము తలుపు తోసింది.

లోపల పదకొండు కుర్చీలున్నాయి. పదకొండుమంది టీచర్లున్నారు.

"మీ క్లాసు వెనక షెడ్డులో కదమ్మా," అన్నాడు లెక్కల మేష్టారు, మర్యాదగానే. "కుర్చీ అక్కడే వేయిస్తాం లెండి. అటూ ఇటూ తిరగడం మీకూ ఇబ్బందేగా."

కుర్చీ షెడ్డులోనే వేయించారు. హాజరుపట్టీ కూడా అక్కడికే పంపించారు. మధ్యాహ్నం గంట కొట్టాక టీచర్లంతా స్టాఫ్‌రూములో గుండ్రంగా కూర్చుని డబ్బాలు విప్పుకుంటే, ఆమె షెడ్డులో రెండు లేత్‌ల మధ్య కూర్చుని విప్పుకునేది. స్టాఫ్‌రూములోంచి నవ్వులు వినిపించేవి. దేనికి నవ్వుతున్నారో మాత్రం తెలిసేది కాదు. షాపులో అయితే అంత హోరులో కూడా ఎవరు ఎందుకు నవ్వుతున్నారో పెదాలు చూసి చెప్పగలిగేది.

ఆమెను ఆ బడికి రప్పించింది హెడ్మిస్ట్రెస్. ఆవిడ స్వయంగా షాపుకు వచ్చి, మిషన్ల రొదలో చెవి దగ్గర నోరు పెట్టి మరీ అడిగింది. "పై క్లాసుల పిల్లలకి మిషను పని కోర్సు పెట్టాం. షెడ్డుంది, లేత్‌లున్నాయి. చెప్పేవాళ్ళే లేరు. డిప్లొమా ఉన్నవాళ్ళు బడికి రారు, ఫ్యాక్టరీలకు పోతారు. ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా మీ పేరే చెప్పారు. కాదనకండి."

పిల్లలకు పంచే కాగితం కూడా ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది: ఇక్కడ రెండేళ్ళు ఈ కోర్సు చదివినవారు టెక్నికల్ కాలేజీలో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు.

ఆ ఒక్క వాక్యం చూసి ఆమె ఒప్పుకుంది. తను పదో తరగతి అయ్యాక ఇలాంటి వాక్యం ఎవరూ చూపించలేదు. మార్కులు బాగా వచ్చినవాళ్ళు కాలేజీకి పోయేవాళ్ళు, రానివాళ్ళు పనిలోకి పోయేవాళ్ళు. ఆ రెండు దారులూ మళ్ళీ ఎక్కడా కలిసేవి కావు. ఆమె తన నాన్న మిషను ముందు పీటేసుకుని నిలబడి పని నేర్చుకుంది.

నాన్న ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటున్నాడు. నలభయ్యేళ్ళు మిషన్ల మధ్య బతికిన చెవులు పూర్తిగా మూసుకుపోయాయి. మంచం పక్కన ఒక పలక పెట్టుకున్నాడు. ఏం చెప్పాలన్నా దాని మీద రాయాలి. ఉద్యోగం మారానని ఆమె రాస్తే, తీరిగ్గా చదివి, "పిల్లలకి చెప్తావా? నీకు నేనేం చెప్పాను? చూసి నేర్చుకున్నావు," అన్నాడు. ఆ తర్వాత అటు తిరిగి పడుకున్నాడు.

*

మొదటి ఏడు తొమ్మిదిమంది చేరారు. ఎనిమిదిమందిని మార్కులే అక్కడికి తోశాయి. బడిలో ఆ క్లాసుకు 'చదువు రానోళ్ళ షెడ్డు' అని పేరు కూడా పడిపోయింది. తనకై తాను వచ్చింది ఒక్క పిల్లే. లెక్కల్లో క్లాసులో మొదటిది. లెక్కల మేష్టారు ఆ పిల్ల తల్లిని పిలిపించి, "బంగారంలాంటి పిల్లని ఇనుము కోయడానికి పంపిస్తారా?" అని మందలించాడు కూడా. "అది నా మాట వింటే గదండీ," అని ఆ తల్లి చేతులెత్తేసింది.

ఆ పిల్లకు మొదటి వారంలోనే 'ఎందుకమ్మ' అని పేరొచ్చింది. ఏం చెప్పినా "ఎందుకు మేడమ్?" అనేది.

"ఉక్కు కోసే టూల్‌తో ఇత్తడి కొయ్యకూడదు," అని చెప్పింది లేత్ మేడమ్ ఒకరోజు. పిల్లలంతా అప్పటికి ఆమెను అలాగే పిలుస్తున్నారు. "ఇత్తడికి టూల్ మొహం చదునుగా ఉండాలి. వాలు ఉండకూడదు."

"ఎందుకు మేడమ్?"

"లాక్కుంటుంది. టూల్‌ని లోపలికి లాక్కుంటుంది. కోసే ముక్క, అదే జాబ్, పాడవుతుంది."

"అదే, ఎందుకు లాక్కుంటుంది?"

ఇత్తడి టూల్‌ని ఎలా లాక్కుంటుందో ఆమె మణికట్టుకు తెలుసు. ఎందుకు లాక్కుంటుందో నోటికి తెలీదు. "రేపు చెప్తా," అంది.

ఆ సాయంత్రం పాత పుస్తకాల కొట్టుకు పోయి డిప్లొమా పుస్తకం ఒకటి కొనుక్కుంది. ఒక పేరా నాలుగుసార్లు చదివింది. మర్నాడు బోర్డు మీద బొమ్మ గీసి కోణాలు చూపించి చెప్పింది. ఎందుకమ్మ తల ఊపింది. మిగతా పిల్లలు కూడా ఊపారు. చెప్పడం అయ్యాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళుగా చేతిలో ఉన్న పని మొదటిసారి కళ్ళెదుట నిలబడి పలకరించినట్టనిపించింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించి స్టాఫ్‌రూము దాకా వెళ్ళింది. లోపల పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు.

"ఆఁ, రండి," అంది సైన్సు టీచరు తలెత్తి. "మంచి సమయానికొచ్చారు. ఈ బీరువా తాళం పట్టేసింది, కాస్త చూస్తారా?"

తాళం బాగుచేసి వచ్చేసింది.

అలాంటి పనులు చాలానే వచ్చేవి. విరిగిన కుర్చీలు, ఊడిన గొళ్ళేలు, ఒకసారి ఎవరిదో కళ్ళజోడు. తెచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి ఇచ్చేవాళ్ళు. నేల మీద నూనె, చెప్పులు పాడవుతాయి మరి.

*

రెండో ఏడు సగం గడిచేసరికి ఇద్దరు మానేశారు, ఏడుగురు మిగిలారు. ఆ రోజుల్లోనే ఎందుకమ్మ తల్లి షెడ్డుకు వచ్చింది. గుమ్మంలో ఆగకుండా లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆవిడే.

"మేడమ్, నేను కాలేజీకి వెళ్ళి అడిగొచ్చాను. మీ బడి కోర్సు సంగతే మాకు తెలీదు పొమ్మన్నారు. రెండో సంవత్సరంలో చేర్చుకోవడమేంటి, అందరిలాగే మొదటి సంవత్సరానికి అప్లికేషను పెట్టుకోమన్నారు. మరి ఆ కాగితం మీద రాసిందేమిటి?"

లేత్ మేడమ్ ఆ కాగితం పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మాట్లాడాం అప్పట్లో. ఆ ప్రిన్సిపాల్ చూద్దామన్నాడు. తర్వాత ఆయన మారిపోయాడు. సంతకాలు అవలేదు."

"అవకుండానే అచ్చు వేయించారా?"

"పిల్లలు చేరితే కదమ్మా కాలేజీవాళ్ళు వినేది. సంతకం పెడితే కదా పిల్లలు చేరేది. ఏది ముందో నాకూ తెలీలేదు." ఆవిడ గొంతు తగ్గింది. "తప్పే."

చెట్టు మొలవకముందే కాయల లెక్క చెప్పి పిల్లల్ని పోగుచేశారన్నమాట. ఆ మాట నమ్మి తను కూడా వచ్చింది. కోపం రావాలి. కానీ షెడ్డులో ఏడుగురు ఆకురాళ్ళతో చప్పుడు చేస్తుంటే ఆ చప్పుడే ముందు చెవినపడింది. మర్నాడు సెలవు పెట్టి, ఏడుగురు చేసిన జాబ్‌లు సంచీలో వేసుకుని కాలేజీ బస్సెక్కింది.

డిపార్ట్‌మెంటు పెద్ద బట్టతల మనిషి, మాట మెత్తన. సంచీలోంచి తీసిన ముక్కల్ని ఒక్కొక్కటే మైక్రోమీటరుతో కొలిచాడు. ఏడో ముక్క కొలిచాక మైక్రోమీటరు కింద పెట్టాడు.

"వెంట్రుకవాసి కూడా తేడా లేదు. మా రెండో సంవత్సరం వాళ్ళు కూడా ఇంత శుభ్రంగా చెయ్యరు. ఎవరు నేర్పారు?"

"నేనే."

"మీరెక్కడ చదివారు?"

"చదవలేదండీ. పదో తరగతి. షాపులో నేర్చుకున్నాను."

ఆయన ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. "అదీ చిక్కు. పిల్లల పని బాగుంది, కాదనను. కానీ మా కౌన్సిల్ ముందు పెడితే మొదట అడిగేది నేర్పినవాళ్ళ అర్హత. రాసి ఇవ్వడానికి మీ దగ్గర కాగితం లేదు."

"అయితే నాకు పరీక్ష పెట్టండి."

"ఏంటి?"

"మీ మొదటి సంవత్సరం పరీక్ష. పిల్లలకీ పెట్టండి, నాకూ పెట్టండి. నాకొచ్చిందేదో, వాళ్ళకొచ్చిందేదో మీరే చూసుకోండి."

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆ ఏడు ముక్కల్ని బల్ల మీద వరసగా పేర్చాడు. "నలభయ్యైదేళ్ళ మనిషికి మొదటి సంవత్సరం పరీక్ష. నా సర్వీసులో వినలేదు. సరే, అడిగి చూస్తాను."

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఎనిమిదిమందికీ హాల్‌టికెట్లు.

*

ఆ నాలుగు నెలలు షెడ్డులో గాలే మారిపోయింది. మిషను పని ఆమె చెప్పేది. మధ్యాహ్నం గంట కొట్టాక ఎందుకమ్మ ఆమెకు లెక్కలు చెప్పేది. రెండు లేత్‌ల మధ్య రెండు డబ్బాలు తెరుచుకునేవి.

"చూడండి మేడమ్. మీరు సన్నబడుతూ పోయే టేపర్ తిప్పేటప్పుడు ఈ గుర్తు దగ్గర పెడతారు కదా. పెద్ద వ్యాసంలోంచి చిన్న వ్యాసం తీసెయ్యండి. పొడవుకు రెండింతలతో భాగించండి. వచ్చిందానికి కోణం ఇది."

ఆమె లెక్క చేసి చూసుకుంది. అచ్చంగా తను చేత్తో పెట్టే గుర్తే వచ్చింది. "ఇన్నేళ్ళూ నేను తిప్పింది దీన్నేనా?" అంది. "పేరు తెలీకుండానే కాపురం చేశానన్నమాట."

ఎందుకమ్మ పడీపడీ నవ్వింది.

కానీ లెక్కల్లో అన్నీ టేపర్‌లు కావు. చేతికి తగలని అక్షరాలు, సమీకరణాలు చాలా ఉన్నాయి. ఇంటి దగ్గర నాన్న మంచం పక్కన కూర్చుని వాటితో కుస్తీ పట్టేది. నాన్న పలక అడిగి తీసుకుని దాని మీదే చేసి చెరిపేది. ఒకసారి ఆయన అది చూసి, "ఇదంతా నాకు రాస్తున్నావా?" అన్నాడు. తల అడ్డంగా ఊపింది. "మరి ఎవరికి?" అన్నాడు. పలక మీద 'పరీక్ష' అని రాసింది. ఆయన ఆ మాట చదివి, చేత్తో తుడిచేసి, పలక తిరిగి ఆమెకే ఇచ్చాడు.

పరీక్షల మొదటి రోజు ఆమెను హాలు గుమ్మంలోనే ఆపేశారు. "పేరెంట్స్ బయట ఉండాలమ్మా," అన్నాడు కాపలాదారు. హాల్‌టికెట్ చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమనుకోకండి," అని పక్కకు జరిగాడు. డ్రాయింగు బాగానే రాసింది. లెక్కల పేపరులో సగం ప్రశ్నలు తెలిసినవాళ్ళలా కనిపించాయి, దగ్గరికి వెళ్తే ఎవరో. చుట్టూ పద్దెనిమిదేళ్ళ పిల్లలు గబగబా పేజీలు తిప్పుతుంటే ఆ చప్పుడుకు చెమట పట్టింది.

ఆఖరి రోజు ప్రాక్టికల్. పొడవాటి షెడ్డులో వరసగా లేత్‌లు. నూనె వాసన పీల్చగానే ఆమె ఊపిరి కుదుటపడింది. మూడు గంటల పనిని గంటన్నరలో ముగించింది. తర్వాత చేతులు కట్టుకుని నిలబడాలి, అంతే. మాట్లాడితే పరీక్ష రద్దు.

అప్పుడు వినిపించింది. ఎడమవైపు మూడో మిషను. తన షెడ్డు పిల్లవాడే. క్లాసులో అందరూ 'తొందర' అని పిలిచేది వీణ్ణే. టూల్ కాస్త కిందికి బిగించాడు. మిషను కీచుకీచుమంటోంది. ఇంకో రెండు నిమిషాలు అలాగే పోనిస్తే జాబ్ పనికిరాదు. క్లాసులో అయితే ఒక్క కేక వేసేది. ఇక్కడ ఆమె కూడా పరీక్ష రాసే మనిషే. పళ్ళు బిగపట్టి ఎదురుగా గోడ వంక చూస్తూ నిలబడింది. తను నేర్పిన పిల్లవాడు పదడుగుల దూరంలో తప్పు చేస్తుంటే నోరు కుట్టేసుకుని నిలబడడం కంటే కష్టమైన పరీక్ష ఆమె అంతవరకూ రాయలేదు.

చప్పుడు ఆగింది. పిల్లవాడు మిషను ఆపాడు. తల పక్కకు వంచి ఏదో గుర్తు చేసుకున్నట్టు నిలబడ్డాడు. టూల్ విప్పి, కింద సన్నటి రేకు పెట్టి, మళ్ళీ బిగించాడు. ఈసారి మిషను మెత్తగా పాడింది. వాడు ఆమె వైపు చూడనే లేదు. చూడనందుకే ఆమెకు కళ్ళు చెమర్చాయి.

*

ఫలితాలు వచ్చాయి. ఏడుగురిలో ఆరుగురు ప్యాసయ్యారు. తప్పినవాడు సంతోషంగానే ఆమె పాత షాపులో పనికి చేరాడు. వాడికి మొదట్నించీ కావలసింది అదే.

ఆమెకు ప్రాక్టికల్‌లో తొంభై ఎనిమిది. డ్రాయింగులో అరవై. లెక్కల్లో ముప్ఫై ఒకటి. ముప్ఫై అయిదు రావాలి.

హెడ్మిస్ట్రెస్ పిలిపించి కూర్చోబెట్టింది. బల్ల మీద కౌన్సిల్ ఉత్తరం ఉంది. "ఒప్పుకున్నారమ్మా. ఆరుగురినీ రెండో సంవత్సరంలో తీసుకుంటున్నారు. ఇకనుంచి ప్రతి ఏడూ మన పిల్లలకి ఈ పరీక్ష పెడతారు. సంతకాలు కూడా అయ్యాయి. ఇదంతా మీ చలవే."

"మంచిదండీ."

ఆవిడ ఉత్తరం రెండో పేజీ తిప్పలేదు. చెయ్యి దాని మీదే ఉంచి చెప్పింది. "ఇప్పుడు ఇది గుర్తింపు ఉన్న కోర్సు అయింది కదా. గుర్తింపు ఉన్న కోర్సు చెప్పేవాళ్ళకి డిప్లొమా ఉండాలట. వచ్చే ఏడుకి అలాంటివాళ్ళని కొత్తగా వెయ్యమన్నారు. మీరు సహాయకురాలిగా ఉండొచ్చు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు."

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టయింది. అయితే తగలేసినవాళ్ళెవరో ఆమెకు తెలీలేదు. ఎదురుగా ఉన్నావిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరి మీద అరవాలి? "షెడ్డు తాళాలు ఎవరికివ్వాలి?" అని అడిగింది.

కొత్తగా వచ్చినవాడు పాతికేళ్ళ కుర్రాడు. పుస్తకం బాగా తెలుసు. లేత్ ముందు నిలబడితే మాత్రం ఏ పిడి ముందు తిప్పాలో తడుముకునేవాడు. మొదటి రోజే గుసగుసగా, "మేడమ్, మీ ముందు చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది," అన్నాడు. అతన్ని కోప్పడడానికి మనసొప్పలేదు. అతను బోర్డు మీద చెప్పేవాడు, ఆమె చేసి చూపించేది. పిల్లలు "సార్" అని అతన్ని పిలిచి, పని అడ్డం తిరిగినప్పుడు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. సార్‌కి మాత్రం స్టాఫ్‌రూములో పన్నెండో కుర్చీ వేశారు. మధ్యాహ్నాలు షెడ్డులో మళ్ళీ ఒక్క డబ్బానే తెరుచుకునేది.

ఎందుకమ్మ మొదట్లో వారానికోసారి ఫోను చేసేది. కొత్త మిషన్ల గురించి, కంప్యూటరుతో నడిచే లేత్ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పేది. తర్వాత నెలకోసారి చేసింది. ఆ తర్వాత చెయ్యలేదు. చదువుల్లో మునిగి ఉంటుంది, మునగాలనే కదా పంపించింది. ఆ మాట తనకు తానే చాలాసార్లు చెప్పుకుంది.

లెక్కల పేపరు మళ్ళీ రాయడానికి ఆర్నెల్లకు అవకాశమొచ్చింది. ఈసారి పక్కన చెప్పేవాళ్ళు లేరు. ఒక సమీకరణం పట్టుకుని మూడు రోజులు కూర్చున్న సందర్భాలున్నాయి. అడిగితే లెక్కల మేష్టారు చెప్పకపోడు. ఒకసారి ఆయన కుర్చీ కాలు బాగుచేసి ఇస్తూ అడుగుదామనుకుంది. ఆయన "థాంక్సమ్మా" అని అప్పటికే కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోతున్నాడు.

నలభై నాలుగు మార్కులొచ్చాయి.

ఇంటికొచ్చి పలక మీద రాసింది. నాన్న చదివి, "అంటే ఇప్పుడు టీచరువా?" అన్నాడు. కాదని రాసింది. "మరి?" అన్నాడు. 'కాలేజీలో చదువుకోవచ్చు' అని రాసింది. ఆయన ఆ మాట మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. "మీ అమ్మ ఉండుంటే అప్పుడే చదివించాల్సిందని మళ్ళీ దెబ్బలాడేది, నిన్నెందుకు మిషను మీద నిలబెట్టావని అప్పట్లో నాతో దెబ్బలాడినట్టు," అన్నాడు. అమ్మ అలా దెబ్బలాడిందని ఆమెకు ఆ రోజుదాకా తెలీదు.

చేరడానికి వెళ్తే గుమాస్తా కాగితాలన్నీ చూసి పెదవి విరిచాడు. "ప్యాసయ్యారు, బాగానే ఉంది. కానీ నేరుగా రెండో సంవత్సరంలోకి రావాలంటే బడిలో ఆ కోర్సు చదివుండాలి. మీరు చదవలేదు."

"చెప్పాను."

"చెప్పడం వేరు, చదవడం వేరు మేడమ్. రూలంటే రూలు. రెండేళ్ళు కోర్సులో ఉన్నట్టు బడి నుంచి సర్టిఫికెట్ తెండి."

హెడ్మిస్ట్రెస్ ఆ సంగతి విని మొదట నవ్వింది, తర్వాత కాగితం తీసుకుంది. 'ఈమె మా పాఠశాలలో ఈ కోర్సులో ప్రారంభం నుంచి ఉన్నారు. ఒక్క రోజు కూడా గైర్హాజరు కాలేదు,' అని రాసి సంతకం పెట్టి ముద్ర కొట్టింది. "కాలేజీకి వెళ్ళిన రోజు సెలవు పెట్టానండీ," అంది లేత్ మేడమ్. "అది డ్యూటీయే," అంది ఆవిడ.

గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు చదివాడు. అబద్ధం ఎక్కడా దొరకలేదు.

బడిలో పని వదులుకుంది. క్లాసులు మధ్యాహ్నం రెండింటిదాకా. ఆ తర్వాత పాత షాపులో సగం పూట పని ఇస్తామన్నారు. మొదటి రోజు వరండాలో గది నంబర్లు చూసుకుంటూ వెళ్తుంటే ఎదురుగా అయిదారుగురు పిల్లలు మాట్లాడుకుంటూ వచ్చారు. మధ్యలో ఎందుకమ్మ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. జేబులో కొలతలు తీసే వెర్నియర్.

"మేడమ్!" అంటూ ఒక్క పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. గోళ్ళ చుట్టూ ఇప్పుడు ఆ పిల్లకూ నల్లగీత ఉంది. "ఫోను చెయ్యలేదని కోపమా? చేద్దామనుకుంటూనే..."

"కోపమెందుకే."

"కొత్త లెక్చరరా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"కాదు," అంది లేత్ మేడమ్. "సెకండియర్."

ఎందుకమ్మ ముఖం ఒక్కసారి వెలిగింది. అంతలో గంట కొట్టారు. "ల్యాబ్‌కి టైమైంది మేడమ్. మూడో సంవత్సరం ల్యాబ్ అవతలి బిల్డింగు. తర్వాత కలుస్తా, తప్పకుండా," అంటూ చేతులు వదిలి, తనవాళ్ళతో కలిసి మెట్లు దిగిపోయింది. వాళ్ళ మాటలు మలుపు తిరిగేదాకా వినిపించాయి.

ఆమె గది వెతుక్కుని లోపలికి వెళ్ళింది. పిల్లలు అప్పుడే ముగ్గురేసి, నలుగురేసి కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి టీచరనుకుని సగంమంది లేచి నిలబడ్డారు. "కూర్చోండి, కూర్చోండి," అంటూ చెయ్యి ఊపి, వాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి కిటికీ పక్కన ఖాళీగా ఉన్న బల్ల ముందు కూర్చుంది. కొత్త నోటుబుక్కు తెరిచి తారీఖు వేసింది.